మక్కకు యూరియా చల్లే ముందు

రాజేంద్రనగర్, హైదరాబాద్

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన మక్క చేను ఫోటోలు చూశాను. "మామయ్యా, చేను పసుపెక్కింది, ఇంకో బస్తా యూరియా చల్లనా?" అని అడిగావు. ఆగు. గచ్చిబౌలి ఉద్యోగం మానేసి చేవెళ్లలో దిగి ఆరు నెలలు కాలేదు, అప్పుడే మన ఊరి జబ్బు నీకూ అంటుకుంది.

పొద్దున్నే చేలోకి పోయి ఒక్క మొక్క ముందు కూర్చో. పసుపు కింది ఆకుల్లో మొదలై, కొస నుంచి నడి ఈనె వెంట లోపలికి దిగుతుంటే నత్రజని చాలట్లేదని లెక్క. మొక్క ముదురు ఆకుల్లోని నత్రజనిని లాగి లేత ఆకులకు ఇచ్చుకుంటుంది. గంధకాన్ని అంత తేలిగ్గా జరపలేదు. అది తక్కువైతే సుడిలోని లేత ఆకులే ముందు పాలిపోతాయి. నీ ఫోటోల్లో కింది ఆకులు నిక్షేపంగా ఉన్నాయి, సుడి వెలవెలబోయింది. ఇనుము తగ్గినా లేత ఆకులే పాలిపోతాయి, కానీ అప్పుడు ఈనెలు పచ్చగా మిగిలి మధ్యలో చారలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఫోన్ రంగుల్ని నమ్మి ఆ తేడా చెప్పలేను, అది నువ్వే చూడాలి.

మా కాలంలో దుక్కిలో సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్) వేసేవాళ్లం. భాస్వరంతో పాటు అందులో 11 శాతం గంధకం కూడా ఉంటుంది, అది అడగకుండానే చేనుకు అందేది. మీరు డీఏపీ, యూరియా తప్ప వేరే పిండి (ఎరువు) ముట్టరు. ఆ రెండింట్లో గంధకం లేదు.

గంధకం లోపమే అయితే ఎకరాకు 50 కిలోల అమ్మోనియం సల్ఫేట్ వేయి. 11 కిలోలకు పైగా గంధకం, సుమారు 10 కిలోల నత్రజని వస్తాయి. ఆ నత్రజని సగం బస్తా యూరియాకు సమానం, కాబట్టి తర్వాతి దఫాలో అంత యూరియా తగ్గించుకో. నేలలో పదును (తేమ) ఉన్నప్పుడే మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో వేసి మట్టి కప్పించు. యూరియా అయినా అంతే. పైపైన చల్లి వదిలేస్తే కొంత గాలికే పోతుంది. దుకాణంలో 90 శాతం గంధకం అని ఇంకో బస్తా చూపిస్తారు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని మార్చితే గానీ వేరుకు అందదు, దానికి వారాలు పడుతుంది. ఇప్పుడు పనికిరాదు.

కింది నల్లరేగడి వరి మడిలో మాత్రం ఈ ప్రయోగం చేయకు. ఓసారి నీళ్లు నిలిచిన ఆ మడికే నేను గంధకం ఉన్న కాంప్లెక్స్ ఎరువు వేశాను. పిలకలు రాలేదు. మొక్క పీకి చూస్తే వేర్లు నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన. మడిలో కాలు పెడితే బుడగలు. నీళ్లు తీసేసి, నేల సన్నగా నెర్రెలు బారేదాకా ఆరబెడితే గానీ తెల్ల వేర్లు రాలేదు. గాలి ఆడని బురదలో గంధకం విషవాయువు అవుతుందని ఆ తర్వాత తెలిసింది.

ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు మక్క చేలో ఎనిమిది, పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అరకిలో తీసుకురా. పిండి వేసిన చోట, గట్ల పక్కన తీయకు. ఇక్కడ పరీక్షకు ఇద్దాం, గంధకం కూడా చూడమని నేను అడిగి రాయిస్తాను. మట్టిని మాత్రం ఖాళీ యూరియా సంచిలో వేసుకుని రాకు.

మీ మామయ్య