రాత్రంతా రిలే, మూడోసారికి కాళ్లు సహకరిస్తాయా?

ప్రశ్న: నేను ఒరెగాన్‌లోని హిల్స్‌బరోలో ఉంటానండి. ఆగస్టులో జరిగే హుడ్ టు కోస్ట్ రిలేకి ఆఫీసు టీమ్‌లో నన్నూ చేర్చారు. 10 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను గానీ నిద్ర లేకుండా మూడుసార్లంటే భయంగా ఉంది. ఎలా ప్రిపేర్ అవ్వాలి?

జవాబు: 10 కిలోమీటర్లు వస్తోందంటే సగం పని అయిపోయినట్టేనండి. 1982లో మొదలైన ఈ రేసు మౌంట్ హుడ్ మీద టింబర్‌లైన్ లాడ్జ్ నుంచి సీసైడ్ బీచ్ దాకా దాదాపు 320 కిలోమీటర్లు, మొత్తం 36 లెగ్స్ (ఒక్కో రన్నర్ వంతుకి వచ్చే ముక్కలు), 12 మంది టీమైతే తలా మూడు. పరిగెత్తొచ్చి చెమటతోనే టీమ్ వ్యాన్‌లో కాళ్లు ముడుచుకుని గంటలకొద్దీ కూర్చుని, బిగుసుకుపోయిన పిక్కలతో అర్ధరాత్రి మళ్లీ దిగి పరిగెత్తాలి చూడండీ, దూరం కంటే అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందుకే ఒక వీకెండ్ సాయంత్రం ఓసారి, మర్నాడు తెల్లవారుజామున ఓసారి, మళ్లీ సాయంత్రం ఓసారి పరిగెత్తి చూడండి, హెడ్‌ల్యాంప్, రిఫ్లెక్టివ్ వెస్ట్ కూడా అప్పుడే అలవాటు చేసుకోండి. మొదటి లెగ్ మీకే పడితే మాత్రం కొండ దిగే ప్రాక్టీస్ తప్పనిసరి, ఆ దిగుడుకి తొడలు పట్టేస్తాయి.

లెగ్ అవ్వగానే తడి బట్టలు మార్చేయండి, మూడు జతలు మూడు జిప్ కవర్లలో విడివిడిగా పెట్టుకుంటే చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. తిండి కొంచెం కొంచెంగా, కారం లేని పెరుగన్నం, అరటిపండు, ఉప్పు బిస్కెట్లు లాంటివి, బిర్యానీ రేసయ్యాకే. ఇంకోటి, రాత్రి డ్రైవ్ చేసేవాళ్లని ముందు పడుకోనివ్వండి, దీంట్లో మొహమాటం వద్దు.