పెన్ను ఎత్తినా బకెట్టు ఎత్తినా అదే కండరం కదా, బలం ఎలా మారుతుంది?

మీరు రెండు అడిగారు. పెన్ను ఎత్తేటప్పుడు కండరంలోని తంతువులన్నీ కొంచెం కొంచెం ముడుచుకుంటాయా, కొన్నే పనిచేస్తాయా? బలహీనత నరం వల్ల వచ్చిందా, కండరం వల్లా అన్నది ఈఎంజీలో (కండరంలోని విద్యుత్ సిగ్నళ్లను తెర మీద చూపే పరీక్షలో) ఎలా తెలుస్తుంది? మొదటిది అర్థమైతే రెండోది దాదాపు తేలిపోయినట్టే.

పెన్నుకు కొన్నే పనిచేస్తాయి. వెన్నుపాములోని ఒక మోటార్ న్యూరాన్ (కండరాన్ని కదిలించే నరకణం), దాని కొమ్మలు అందుకునే తంతువులన్నీ కలిపి ఒక మోటార్ యూనిట్. మెదడుకు ఏ తంతువునూ విడిగా పిలవడం కుదరదు, పిలిస్తే యూనిట్ మొత్తం కదలాల్సిందే. కన్ను తిప్పే కండరాల్లో ఒక యూనిట్‌లో సుమారు 10 తంతువులే ఉంటాయి, పిక్క కండరంలో వెయ్యికి పైనే. చూపు అంత సన్నగా సర్దుకోగలిగేది అందుకే.

పిలిచే వరస కూడా ఇష్టం వచ్చినట్టు ఉండదు. చిన్న న్యూరాన్లు ముందు, పెద్దవి తర్వాత. దీన్ని హెన్నెమన్ సైజు సూత్రం అంటారు. చిన్న న్యూరాన్ పొర విస్తీర్ణం తక్కువ, నిరోధం ఎక్కువ, కాబట్టి కొద్దిపాటి కరెంటుకే అది స్పందిస్తుంది. వాటి కింద ఉండేవి తొందరగా అలసిపోని టైప్ 1 తంతువులు. పెద్దవాటి కింద ఉండే టైప్ 2 తంతువులు బలంగా లాగుతాయి, వాటిలో అన్నిటికంటే వేగమైనవి త్వరగా అలసిపోతాయి.

యూనిట్ల సంఖ్య ఒక్కటే కాదు, సిగ్నళ్ల వేగం కూడా బలాన్ని పెంచుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. 'ఉంటే పూర్తిగా, లేకుంటే అసలు లేదు' అన్న నియమం విద్యుత్ సిగ్నల్‌కే గాని బలానికి కాదు. సిగ్నల్ రాగానే తంతువు లోపల కాల్షియం విడుదలవుతుంది. అది ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటే, అడ్డుగా ఉన్న ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ పక్కకు జరిగి, మయోసిన్ ప్రోటీన్ తలలు ఆక్టిన్ ప్రోటీన్ పోగును పట్టి లాగుతాయి. సిగ్నల్ ఒక్కటే అయితే, బలం పూర్తిగా అందేలోపే పంపులు కాల్షియాన్ని వెనక్కి తోడేస్తాయి. తంతువు సడలకముందే తర్వాతి సిగ్నల్ వస్తే కొత్త బలం పాత బలం మీద పేరుకుంటుంది. వరుసగా వేగంగా వస్తే అదే తంతువు చాలా రెట్లు ఎక్కువ బలం ఇస్తుంది.

యూనిట్ల సంఖ్య, సిగ్నళ్ల వేగం, ఈ రెండూ కండరంలోకి సూది గుచ్చి చేసే ఈఎంజీ తెర మీద కళ్లారా కనిపిస్తాయి. అతి కొంచెం బిగించమంటే ఒకే ఆకారంలో ఉన్న స్పైక్ (నిటారుగా లేచి పడే గీత) సెకనుకు 5 నుంచి 8 సార్లు వస్తుంది. అది ఒక్క యూనిట్. ఇంకాస్త బిగిస్తే, దాని వేగం 10కి చేరేసరికి వేరే ఆకారంతో రెండోది మొదలవుతుంది. 15కి చేరేసరికి మూడోది. పూర్తి బలంతో బిగిస్తే స్పైకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి గీత ఎక్కడా విడిగా కనపడదు.

నరం దెబ్బతిని న్యూరాన్లు తగ్గితే, పిలవడానికి రెండోది ఉండదు. ఉన్న ఒక్కటే సెకనుకు 20, 25 సార్లు కొడుతూ ఉంటుంది. నెలలు గడిచాక, మిగిలిన నరాలు కొత్త కొమ్మలు వేసి దిక్కులేని తంతువులను తమలో కలుపుకుంటాయి. అప్పుడు స్పైక్ ఎత్తుగా, వెడల్పుగా మారుతుంది. కండర జబ్బులో అంతా తలకిందులు. న్యూరాన్లు క్షేమమే గాని ప్రతి యూనిట్ బలహీనం, అందుకే కొంచెం బిగించగానే బోలెడు యూనిట్లు పొట్టి, సన్నని స్పైకులతో గుంపుకడతాయి.

నొప్పి వల్లో భయం వల్లో మనిషి పూర్తిగా బిగించకపోయినా తెర మీద యూనిట్లు తక్కువే కనిపిస్తాయి. అది చూసి నరం జబ్బు అనుకోవడం పొరపాటు. వేగం చూడండి: సరిగ్గా బిగించనప్పుడు యూనిట్లు నెమ్మదిగానే కొడతాయి, న్యూరాన్లు పోయినప్పుడే ఉన్నవి పరుగెడతాయి. స్పైక్ ఎత్తు కొలిచే ముందు సూది తంతువులకు దగ్గరగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. స్పైక్ నిలువుగా లేచే సమయం అర మిల్లీసెకను లోపు ఉండాలి, యంత్రం నుంచి వచ్చే దాని శబ్దం పదునుగా వినపడాలి. లేకపోతే సూదిని కొద్దిగా జరిపి మళ్లీ చూడాలి, దూరం నుంచి తీసిన ఎత్తుకు విలువ లేదు.