అమ్మలూ, సింఫనీ కాస్త పక్కన పెట్టు

అమ్మలూ,

జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఫస్ట్ సింఫనీ, అదే పెద్ద ఆర్కెస్ట్రాకి రాసిన పొడుగాటి కృతి, పెట్టుకున్న పది నిమిషాలకే తల తిరిగిపోయిందన్నావు, అందులో నీ తప్పేం లేదు, బీథోవెన్ తర్వాత సింఫనీ రాయడమంటే భయపడి భయపడి బ్రామ్స్ దాన్ని 1876లో పూర్తి చేసేసరికి ఆయనకే 43 ఏళ్ళొచ్చాయి, నువ్వు ఒక్క రాత్రిలో పట్టేయాలంటే ఎలా? మళ్ళీ ఎప్పుడైనా దాని దగ్గరికి వెళ్తే ఆఖరి భాగంతో మొదలెట్టు. అందులో హార్న్ మీద ఒక ట్యూన్ వస్తుంది, దాన్ని ఆయన 1868లోనే పియానిస్ట్, స్వరకర్త క్లారా షూమన్ పుట్టినరోజుకి రాసి పంపాడు.

పాశ్చాత్య సంగీతంలో రొమాంటిక్ కాలం, అంటే దాదాపు పంతొమ్మిదో శతాబ్దం, అనగానే అందరూ పెద్ద ఆర్కెస్ట్రాలు, వాగ్నర్ గంటల తరబడి ఆపెరాలు అనుకుంటారు కానీ నన్నడిగితే వాళ్ళ ప్రాణమంతా చిన్నవాటిలోనే ఉంది. ముందు షూబర్ట్ పాటలు విను. 31 ఏళ్ళకే పోయాడు, ఆరొందలకి పైగా పాటలు రాశాడు. 18 ఏళ్ళ వయసులో గోథే కవితకి కట్టిన ఎర్ల్‌కోనిగ్ విను, నాలుగు నిమిషాలే, కానీ సాహిత్యం అర్థం తెలీకుండా మాత్రం వినొద్దు. జబ్బుపడ్డ పిల్లాణ్ణి పొదువుకుని తండ్రి రాత్రిపూట గుర్రం మీద పోతుంటాడు, పియానిస్ట్ కుడిచెయ్యి గుర్రం డెక్కల్లా ఆగకుండా కొడుతూనే ఉంటుంది, కథ చెప్పేవాడు, తండ్రి, పిల్లాడు, పిలిచే ఆ భూతం, నలుగురి గొంతులూ పాడేది ఒక్కడే. పిల్లాడు నాన్నా నాన్నా అని అరిచే చోట స్వరం ప్రతిసారీ ఇంకాస్త పైకెక్కుతుంది, అది గమనించు. ఫిషర్-డీస్కావ్ పాడగా జెరాల్డ్ మూర్ వాయించిన రికార్డింగ్ దొరికితే అదే విను.

నువ్వు కర్ణాటకం నేర్చుకున్నావు కదా, నీకు ఇంకో ఇబ్బంది వస్తుంది, ముందే చెప్తున్నా. నీ చెవి ట్యూన్ వెంటే పోతుంది, శ్రుతి కదలదన్న ధీమాతో ఉంటుంది. ఇక్కడ ఆధారమే మారిపోతూ ఉంటుంది, పైన స్వరం అదే ఉన్నా కింద కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మారితే ఆ స్వరం భావమే మారిపోతుంది. దీనికి షోపాన్ పియానోకి రాసిన E మైనర్ ప్రెల్యూడ్ అనే చిన్న కృతిని మించింది లేదు, ఓపస్ 28లో (ఓపస్ అంటే రచనకిచ్చే వరుస సంఖ్య) నాలుగోది, సుమారు రెండు నిమిషాలు. మొదట్లో కుడిచేతిలో దాదాపు ఏమీ జరగదు, పక్కపక్కన ఉన్న రెండు స్వరాల మధ్యే తచ్చాడుతుంది, ఎడమచేతి కార్డ్‌లు మాత్రం అర స్వరం చొప్పున జారుతూ జారుతూ కిందికి పోతుంటాయి, దుఃఖమంతా అక్కడుంది. 1849లో పారిస్‌లో ఆయన అంత్యక్రియల్లో దీన్నే ఆర్గన్ మీద వాయించారు. ఫోన్ స్పీకర్లో వింటే ఆ కింది స్వరాలు సరిగ్గా వినపడవు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకో. ఒకసారి పూర్తిగా ఎడమచేతినే విను, తర్వాత పియానిస్టుల్లో ఆర్గరిచ్ వాయించింది, కోర్టో వాయించింది పక్కపక్కన పెట్టుకుని విను, కోర్టో వేళ్ళు అక్కడక్కడా తప్పినా ఫర్వాలేదు, ఆయన వాయిస్తుంటే మనిషి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

నీకు అలవాటైన చోటు కూడా ఒకటుంది. షూబర్ట్ 1827లో రాసిన వింటర్‌రైజ అనే పాటల మాలలో 24 పాటలు, చివరి పాటలో ఎడమచెయ్యి మొదట్నుంచి చివరిదాకా షడ్జమ పంచమాలే పట్టుకుని ఉంటుంది, మన తంబురలాగే. మిగతా 23 పాటలూ విన్నాకే దాని దగ్గరికి రా, తొందరపడకు.

స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ దగ్గరికి వెళ్ళడానికి తొందరేం లేదు. క్లారా షూమన్‌ని మాత్రం వదలొద్దు, ఆవిణ్ణి భర్త రాబర్ట్ షూమన్ పేరుతోనో బ్రామ్స్ పేరుతోనో చెప్పి వదిలేస్తుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. 1835లో, పదహారేళ్ళ పిల్ల, తను రాసిన పియానో కన్చెర్టోని (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో ముందుండే కృతి) తనే వాయించింది, ఆర్కెస్ట్రాని నడిపించింది మెండెల్‌సన్. ఆవిడ పియానో ట్రియో (పియానో, వయొలిన్, చెల్లో), ఓపస్ 17, ఈ ఆదివారం విను. మూడో భాగంలో చెల్లో ఎక్కడ ముందుకొస్తుందో నాకు రాసి పంపు.

మీ మావయ్య