అమెరికా చరిత్రలో అసలు మలుపు 1965

"అమెరికా చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు ఏది, దానికి కారకులెవరు?" అని అడిగారు. 1776 అనీ, లింకన్ అనీ, పెర్ల్ హార్బర్ అనీ చాలామంది అంటారు. నా జవాబు 1965. ఇందులో రెండో మాట లేదు.

ఆ ఏడాది మార్చి 7న అలబామాలోని సెల్మాలో, ఓటు హక్కు కోసం వంతెన దాటుతున్న నల్లజాతివారిని పోలీసులు లాఠీలతో చావబాదారు. వాళ్లను ముందుండి నడిపించిన పాతికేళ్ల జాన్ లూయిస్ తల పగిలింది. దేశమంతా టీవీలో చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్టోబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర కూర్చుని, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని తీసేసిన కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. స్కూలు పుస్తకాల్లో వీటిని వేరువేరు పాఠాల్లో పెడతారు, అదే నాకు కోపం. సొంత పౌరుణ్ణి రంగు చూసి ఆపకూడదని ఒప్పుకున్న దేశం, బయటివాణ్ణి పుట్టిన చోటు చూసి ఎలా ఆపుతుంది? మొదటిది లేకపోతే రెండోది వచ్చేదే కాదు.

అంతకుముందు మన భారతీయుల గతి ఏమిటో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు, తెల్లవాడు కాదు కాబట్టి, పౌరసత్వం చెల్లదని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1924 వలస చట్టం ఆసియావాళ్లకు దాదాపుగా తలుపు మూసేసింది. 1946లో కాస్త తెరిచి, మొత్తం భారతదేశానికి ఏడాదికి 100 మంది అన్నారు.

డెట్రాయిట్ దగ్గర మా బంధువుల్లో ఒక డాక్టరు గారున్నారు, నాకు బాబాయి వరస. డెబ్బైల మొదట్లో వచ్చారు. ఒక సంక్రాంతికి వాళ్లింట్లో అందరం భోజనాలు చేసి కూర్చున్నాం. మాట నల్లజాతివారి మీదికి వెళ్లింది. "మనం చదువుకుని వచ్చాం రా, ఎవరి దయా అక్కర్లేదు. వాళ్లు కూడా మనలా చదువుకోవచ్చుగా" అన్నారాయన. నేను ఊరుకోలేకపోయాను.

"బాబాయ్, మీరు అదే గుంటూరు మెడికల్ కాలేజీలో అవే మార్కులతో పదేళ్లు ముందు పాసై ఉంటే ఎక్కడికి వెళ్లేవారు?" అని అడిగాను.

ఆయన కాసేపు ఆలోచించి, "మా సీనియర్లంతా లండనే వెళ్లారు" అన్నారు.

"వాళ్లకి మీకంటే తెలివి తక్కువా?"

ఆయన జవాబు చెప్పేలోగా వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "ఇల్లు అద్దెకి దొరక్క తిరిగిన సంగతి మర్చిపోయారా? ఫోన్లో ఖాళీగా ఉందన్నవాడు మన మొహం చూడగానే అయిపోయిందన్నాడు. ఆఖరికి ఇల్లు చూపించింది మీ ఆసుపత్రి నర్సమ్మే కదా, వాళ్ల వీధిలోనే." ఆ నర్సమ్మ నల్లజాతి మనిషి. అద్దెల్లో అలా వివక్ష చూపకూడదన్న చట్టం కూడా 1968లో, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారం రోజులకు, వచ్చిందే. బాబాయి ఇక వాదించలేదు. నర్సమ్మ పిల్లలు ఇప్పుడెక్కడున్నారో పిన్నిని అడగడం మొదలుపెట్టారు.

ఇక కారకుల సంగతి. నా దృష్టిలో మొదటి పేరు ఇమాన్యుయేల్ సెల్లర్. బ్రూక్లిన్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు. కొత్త సభ్యుడిగా 1924 చట్టాన్ని సభలో నిలబడి వ్యతిరేకించాడు, ఓడిపోయాడు. నలభై ఏళ్లు పట్టు వదలకుండా అక్కడే ఉండి, సెనేటర్ ఫిలిప్ హార్ట్‌తో కలిసి 1965 బిల్లు నెగ్గించాడు. విగ్రహాలు పెట్టాల్సింది ఇలాంటివాళ్లకి. ఒహాయో సభ్యుడు మైకేల్ ఫీగన్ మాత్రం కుటుంబ సభ్యులకే ఎక్కువ వీసాలు ఇవ్వాలని పట్టుబట్టాడు. ఇప్పటికే ఉన్నవాళ్లలో ఎక్కువమంది యూరప్ మూలాలవారు కాబట్టి వచ్చేవాళ్లూ వాళ్లే ఉంటారని ఆయన లెక్క. సంతకం పెట్టిన రోజు జాన్సన్ కూడా ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదనే అన్నాడు. ఆ లెక్క తప్పింది. మన దగ్గర్నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు, వాళ్ల వెనుక అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లూ, తల్లిదండ్రులూ వచ్చారు. ఈ రోజు డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ తెలుగు వినబడుతోందంటే దాని పునాది అదే.

గ్రీన్‌కార్డు క్యూ తిట్టుకునేవాళ్లకి కూడా ఒక మాట. దేశానికి ఏడాదికి 20,000 మించకూడదన్న పరిమితిని మన మీద పెట్టింది ఈ 1965 చట్టమే. 1990లో దాన్ని, ఏటా కోటాలో ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక దేశానికి 7 శాతంగా మార్చారు. ఐస్‌లాండ్‌కీ అంతే, భారత్‌కీ అంతే. మా ఇంట్లోనే పెళ్లై, పిల్లలు హైస్కూలుకొచ్చినా ఇంకా ఆ లైన్లో ఉన్నవాళ్లున్నారు. ఇది ఘోరమైన అన్యాయం, మారాల్సిందే. కానీ మనవాళ్లు వాట్సాప్‌లో పిటిషన్ లింకులు తిప్పి ఆగిపోతారు. సెల్మాలో నడిచినవాళ్ల సంఘాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. చట్టాలు మార్పించిన అనుభవం వాళ్లది. మన తెలుగు సంఘాలు ఒక్కసారైనా వాళ్లని పిలిచి కూర్చోబెట్టి ఎలా సాధించారో అడగాలి. సినిమా తారల్ని పిలిపించడానికి పెట్టే ఖర్చులో నాలుగో వంతు చాలు.