పెడల్ జాతకం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి పాత ఓవర్‌డ్రైవ్ పెడళ్ల మీద, అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే, కాలితో తొక్కే చిన్న డబ్బాల మీద, వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాం. అన్ని జవాబులకూ ఆధారం ఒకటే సూత్రం. పెడల్‌లో ఉన్న భాగాలన్నిటిలో ఏది కొత్తదో, అది తయారైన రోజు కంటే ముందు ఆ పెడల్ పుట్టి ఉండదు. ఆ భాగం తరవాత మార్చింది కాకూడదు, అంతే. మార్చారా లేదా అన్నది సోల్డర్ చూస్తే తెలుస్తుంది. డబ్బా మీది అక్షరాలు, అమ్మేవాళ్ల మాటలు ఆ తరవాతే.

ప్రశ్న: మా నాన్నగారు లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవారు. అటక మీద ఆయన పెట్టెలో బాస్ (Boss) కంపెనీ పసుపుపచ్చని ఓడీ-1 పెడల్ దొరికింది. తొక్కితే ఎర్రలైటు ఒక్కసారి మెరిసి ఆరిపోతోంది. పాడైపోయిందా? ఏ సంవత్సరం నాటిది? (రాజాజీనగర్, బెంగళూరు)

పాడవలేదండీ, సంతోషించాల్సిన సంగతే. బాస్ తొలినాటి పెడళ్లలో ఆ లైటు ఉన్నది ఎఫెక్ట్ ఆన్‌లో ఉందని చూపడానికి కాదు, బ్యాటరీలో సత్తువ ఉందో లేదో చూపడానికి. అందుకే దాని పక్కన ‘చెక్’ అని రాసి ఉంటుంది. తొక్కిన క్షణం మెరిస్తే బ్యాటరీ బాగున్నట్టు. ఎవరైనా మెకానిక్ ‘రిపేరు చేసి ఎప్పుడూ వెలిగేలా పెడతాను’ అంటే వద్దనండి.

ఓడీ-1 1977లో వచ్చింది, 1985 దాకా తయారైంది. ఆ ఎనిమిదేళ్లలో మీది మొదటిదా చివరిదా తేల్చడానికి రెండు గుర్తులున్నాయి. మొదటిది బ్యాటరీ మూతకున్న గుండ్రటి స్క్రూ. తొలి పెడళ్లలో అది వెండి రంగులో ఉంటుంది, తరవాతి వాటిలో నలుపు. కానీ స్క్రూ మార్చడం అర నిమిషం పని కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మకండి. రెండోది గట్టి గుర్తు. అడుగు రేకు నాలుగు స్క్రూలూ తీసి బోర్డు మీది ఐసీ (నల్లటి చిప్) కాళ్లు లెక్కపెట్టండి. పద్నాలుగు కాళ్లుండి పైన 3403 అన్న అంకె కనిపిస్తే తొలివిడతది. ఒకే ఐసీలో నాలుగు ఆంప్లిఫయర్లుండే రకం అది. ఎనిమిది కాళ్ల 4558 ఉంటే తరవాతి విడత. పద్నాలుగు కాళ్ల ఐసీకి గీసిన బోర్డులో ఎనిమిది కాళ్లది నేరుగా కూర్చోదు కనుక ఇక్కడ మోసం చేయడం కష్టం.

అడుగు లేబుల్ మీద నాలుగంకెల సీరియల్ నంబరు ఉంటే తొలినాళ్లది, ఆరంకెలుంటే తరవాతది. ‘మేడ్ ఇన్ తైవాన్’ అని ఉంటే మాత్రం అడుగు రేకు వేరే పెడల్ నుంచి తెచ్చి బిగించినట్టే. బాస్ తయారీ తైవాన్‌కు మళ్లడం మొదలైంది 1988లో. అప్పటికి ఓడీ-1 ఆగిపోయి మూడేళ్లయింది.

ప్రశ్న: ఇందిరానగర్‌లో ఒకాయన ఐబనెజ్ టీఎస్9 ట్యూబ్ స్క్రీమర్ అమ్ముతున్నారు. 1982 నాటి అసలుదట. సాక్ష్యంగా లోపలి జేఆర్సీ 4558డీ ఐసీ ఫోటో పంపారు. అడుగున జపాన్ తయారీ అని కూడా ఉంది. కొనవచ్చా? (మారతహళ్లి, బెంగళూరు)

ఆ రెండు సాక్ష్యాలూ చెల్లవు. 4558డీ మన ఊళ్లో అసెంబుల్ చేసిన ప్రతి ఆంప్లిఫయర్ టోన్ బోర్డులోనూ ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డులో అడిగితే గుప్పెడు పోస్తారు. పైగా అసలు టీఎస్9లన్నిటిలో అదే ఐసీ లేదు. కొన్నిటిలో తోషిబా 75558 కూడా వచ్చింది. అది కనిపించగానే ‘నకిలీ’ అని వెనక్కిచ్చి మంచి పెడల్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఇక జపాన్ తయారీ అన్న మాట. టీఎస్9 మొదట 1982 నుంచి 1984 దాకా తయారైంది. మళ్లీ 1990ల మొదట్లో అదే పేరుతో, అదే పచ్చరంగుతో రీఇష్యూగా వచ్చింది. ఆ రీఇష్యూ కూడా జపాన్‌దే.

ముందు పెడల్ తిరగేసి అడుగు చూడండి. యూరప్ వాళ్ల ‘సీఈ’ గుర్తు ఉంటే 1982 నాటిది కానే కాదు. ఆ గుర్తు 1990లలో మొదలైంది. అడ్డంగా గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉంటే ఇంకా కొత్తది, 2005 తరవాతది. ఈ రెండు గుర్తులూ ఏ కంపెనీ పెడల్‌కైనా పనికొస్తాయి. లేబుల్ గీకేసిన జాడ ఉంటే అక్కడ ఏముండేదో మీరే ఊహించుకోండి.

తరవాత మల్టీమీటర్. పెడల్ విప్పకుండానే చేసే పరీక్ష ఇది, అమ్మేవారు నొచ్చుకోరు కూడా. బ్యాటరీ తీసేయండి, అడాప్టర్ ఉంటే పీకేయండి. ఇన్‌పుట్ ఖాళీగా ఉంచి, అవుట్‌పుట్ జాక్‌లో మాత్రం గిటార్ కేబుల్ పెట్టండి. మీటర్‌ను 200 కిలో ఓముల రేంజికి తిప్పి, కేబుల్ రెండో చివర పిన్ను మొనకొక ప్రోబు, మొదలుకొక ప్రోబు ఆనించండి. లోపల కెపాసిటర్ ఉంది కాబట్టి అంకె కాసేపు కదిలి నిలుస్తుంది. దాదాపు 100 కిలో ఓములు చూపిస్తే టీఎస్9 లెక్క. దాదాపు 10 కిలో ఓములు చూపిస్తే అది టీఎస్808 లెక్క, అంటే టీఎస్9 కంటే ముందొచ్చిన ట్యూబ్ స్క్రీమర్‌ది.

ఈ తేడా ఎందుకంటే, 808కీ 9కీ సర్క్యూట్‌లో ఉన్న ముఖ్యమైన భేదం చివరి రెండు రెసిస్టర్లే. 808లో అవుట్‌పుట్‌కు వరసలో 100 ఓములు, అక్కణ్నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓములు. 9లో వరసలో 470 ఓములు, గ్రౌండ్‌కు 100 కిలో ఓములు. మిగతాదంతా, అంటే 500 కిలో ఓముల డ్రైవ్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్), శబ్దం అంచులు కోసి గరుకు తెచ్చే క్లిప్పింగ్ డయోడ్ల జత, 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గించే 4.7 కిలో ఓములు-0.047 మైక్రోఫారడ్ జోడీ, రెండిటిలోనూ ఒకటే. అందుకే రీఇష్యూ టీఎస్9 తీసుకుని ఆ రెండు రెసిస్టర్లూ ఐసీ మార్చి ‘808 మోడ్’ (808లా మార్పు) చేయడం చాలా మామూలు పని. మోడ్ చేసి వాయించుకుంటే తప్పేమీ లేదు. దాన్ని పాతదని పాత ధరకు అమ్మితేనే తప్పు. కాబట్టి మీ మీటర్ 10 చూపిస్తే ఆ టీఎస్9 బోర్డు మీద ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

100 చూపించినంత మాత్రాన పాతదని కాదు, రీఇష్యూ కూడా 100 చూపిస్తుంది. అప్పుడు విప్పి చూడాల్సిందే. అమ్మేవారిని బోర్డు రెండు వైపులా ఫోటోలు అడగండి. ఒక్క ఐసీ ఫోటో చాలదు. బోర్డు ఎత్తాలంటే పైనున్న మూడు నాబ్‌లూ లాగి, పాట్‌ల నట్లు విప్పాలి. జాక్‌లకు వెళ్లే తీగలు సన్నవి. పుస్తకం పేజీ తిప్పినట్టు తిప్పితే సోల్డర్ దగ్గరే తెగుతాయి, కాబట్టి నెమ్మదిగా.

బోర్డు వెనక ఫ్యాక్టరీ సోల్డర్ అంతా ఒకే మెరుపుతో, ఒకే ఎత్తులో ఉంటుంది. ఐసీ ఎనిమిది కాళ్ల దగ్గర మాత్రం గోధుమరంగు జిగురు మరకలుంటే, లేదా రాగి చుక్క అంచు లేచి ఉంటే, ఐసీ మార్చారు. ఐసీకి సాకెట్ ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు. రెసిస్టర్ల రంగులూ చదవండి: 470 ఓములంటే పసుపు, ఊదా, గోధుమ. 100 కిలో ఓములంటే గోధుమ, నలుపు, పసుపు. నాలుగు గీతల లేత గోధుమరంగు రెసిస్టర్ల మధ్య రెండు మాత్రం ఐదు గీతలతో నీలంగా కనిపిస్తే అవి కొత్తవాళ్లే.

ఇక ‘808’ అనే పేరుతోనే ఎవరైనా అమ్మబోతే ముందు స్విచ్ చూడండి. 1980 ప్రాంతపు 808కి చిన్న చతురస్రపు మీట ఉంటుంది. టీఎస్9కి పెడల్‌లో మూడో వంతు ఆక్రమించే వెడల్పాటి తొక్కుడు పలక. ఐసీ మార్చగలరు గానీ డబ్బా మార్చలేరు. 808కి 2004లో రీఇష్యూ వచ్చింది కనుక దానికీ అడుగు గుర్తుల పరీక్ష తప్పదు.

మీ ప్రశ్నకు సూటిగా: బోర్డు ఫోటోలు వచ్చేదాకా బయానా ఇవ్వకండి. ఇవ్వనంటే రీఇష్యూ ధరే చెప్పండి.

ప్రశ్న: ఎంఎక్స్ఆర్ కంపెనీ డిస్టార్షన్ ప్లస్ పెడల్ ఒకటి కొన్నాను. లోపల పాట్ వెనక 1377842 అని ముద్ర ఉంది. ఇది సీరియల్ నంబరా? (అంబత్తూరు, చెన్నై)

సీరియల్ కాదు, అంతకంటే పనికొచ్చేది. మూడు ముక్కలుగా విడదీయండి: 137, 78, 42. మొదటి మూడంకెలు తయారీదారు గుర్తు. 137 అంటే సీటీఎస్, 304 అయితే స్టాక్‌పోల్, 134 అయితే సెంట్రాలాబ్. తరవాతి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. అంటే ఆ పాట్ 1978 అక్టోబరు నడుమ తయారైంది. పాట్‌లు గోడౌన్లో కొన్నాళ్లు పడి ఉంటాయి కాబట్టి పెడల్ 1978 చివరిది గానీ 1979ది గానీ అయి ఉండాలి. రెండో పాట్ కూడా చూడండి. దాని మీద ఇంకా తరవాతి తేదీ ఉండి, సోల్డర్ ఫ్యాక్టరీదే అయితే, దాన్నే లెక్కలోకి తీసుకోండి. అమెరికన్ ఐసీల మీద విడిగా ఉండే నాలుగంకెలు కూడా ఇలాగే, ముందు సంవత్సరం, తరవాత వారం. జపాన్ ఐసీల మీది పొట్టి కోడ్‌లను మాత్రం ఈ లెక్కతో చదవకండి, తప్పు వస్తుంది.

ఆ కాలపు డిస్టార్షన్ ప్లస్‌లో 741 ఐసీ ఒకటి, జర్మేనియం డయోడ్లు రెండు ఉంటాయి. లైటూ ఉండదు, అడాప్టర్ చిల్లూ ఉండదు. మీదానికి అవి ఉంటే ఎవరో డ్రిల్ పెట్టారు. చిల్లు అంచు వేలితో తడిమితే తెలిసిపోతుంది.

ప్రశ్న: జపాన్‌లో తయారైన పాత బాస్ ఎస్‌డీ-1 మా చర్చిలో వాడుతున్నాం. కొత్త 9 వోల్టుల అడాప్టర్ పెడితే లైటు మసకగా, శబ్దం నీరసంగా ఉంది. బ్యాటరీతో బాగుంది. మిగతా పెడళ్లతో కలిపి ఒకే అడాప్టర్ తీగకు తగిలిస్తే మళ్లీ బాగుంది. ఏమిటీ వింత? (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

అడుగు లేబుల్ చదవండి, ‘ఏసీఏ’ అడాప్టర్ (బాస్ వాళ్ల పాత రకం) వాడమని ఉంటుంది. ఆ పాత అడాప్టర్‌లో వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ లేదు, 12 వోల్టుల దాకా ఇచ్చేది. దాన్ని దించడానికి పెడల్ లోపల నెగెటివ్ దారిలో ఒక రెసిస్టర్, ఒక డయోడ్ పెట్టారు. మీ కొత్తది కచ్చితంగా 9 వోల్టులే ఇస్తుంది కనుక అందులోంచి కూడా కోత పడుతోంది. ఉదాహరణకు 470 ఓముల రెసిస్టర్‌లో 5 మిల్లీఆంపియర్లు పారితే 2.35 వోల్టులు అక్కడే పోతాయి. డయోడ్ దగ్గర మరో 0.6. మిగిలేది 6 చిల్లర. ఇన్‌పుట్‌లో కేబుల్ పెట్టి, ఐసీ నాలుగో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య కొలవండి, తేలిపోతుంది.

మిగతా పెడళ్లతో కలిపినప్పుడు గిటార్ కేబుళ్ల గ్రౌండ్ ద్వారా కరెంటుకు అడ్డదారి దొరుకుతుంది. ఆ రెసిస్టర్, డయోడ్‌ల జోలికి వెళ్లదు, అందుకే బాగుంటుంది. కాబట్టి అలాగే కలిపి వాడుకోండి. ఆ రెండు భాగాలనూ తీగతో కలిపేసేవాళ్లున్నారు గానీ, ఆ తరవాత పొరపాటున ఎవరైనా పాత ఏసీఏ అడాప్టర్ గుచ్చితే 12 వోల్టులూ నేరుగా లోపలికి పోతాయి, తిరగబడ్డ తీగ నుంచి కాపాడే డయోడూ ఉండదు. పలువురు తాకే చర్చి సామానుకు అది మంచిది కాదు.

ఇంతకీ ‘ఏసీఏ’ అన్న మాట కూడా వయసు గుర్తే. 1997 ప్రాంతం నుంచి బాస్ పెడళ్ల మీద ‘పీఎస్‌ఏ’ అన్న కొత్త రకం అడాప్టర్ పేరు వస్తోంది.

ప్రశ్న: పాత పెడల్‌లో బ్యాటరీ కారి పచ్చటి చిలుము పట్టింది. కెపాసిటర్లన్నీ కొత్తవి వేయించమంటున్నారు. వేయిస్తే పాత విలువ పోతుందా? (తిరువాన్మియూర్, చెన్నై)

చిలుము సంగతి ముందు. కారింది ఆల్కలైన్ బ్యాటరీ అయితే బడ్స్ పుల్లతో కాస్త వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్దండి. మామూలు జింక్-కార్బన్ బ్యాటరీ అయితే నీళ్లలో కలిపిన వంటసోడా. ఆ తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. క్లిప్ తీగ లోపల రాగి నల్లబడి ఉంటే తుడిచి లాభం లేదు, క్లిప్ మార్చండి. మీ సముద్రపు గాలికి జాక్‌ల లోపలి పలకలు కూడా నల్లబడతాయి, వాటికీ ఆల్కహాలే. గరగరలాడే పాట్‌లకు ఎలక్ట్రానిక్స్ కోసమే అమ్మే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చడం అనవసరం. ఎండిపోయేవి ఎలక్ట్రోలిటిక్‌లు మాత్రమే. అడాప్టర్‌తో హమ్ ఎక్కువైతే పవర్ దగ్గరిది, శబ్దం బలహీనపడితే సిగ్నల్ దారిలోది మార్చండి. ఫిల్మ్ కెపాసిటర్లు, ఐసీ, డయోడ్ల జోలికి వెళ్లనివ్వకండి. తీసిన ప్రతి భాగాన్నీ చిన్న జిప్ కవర్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి పెడల్‌తోనే ఉంచండి. మార్చిన పెడల్‌కు ధర కొంత తగ్గుతుంది. తీసిన భాగాలు పారేసిన పెడల్‌కు ఇంకా తగ్గుతుంది.