మంచి కాఫీకి ముందు గ్రైండరు, తరువాతే యంత్రం

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఈ మధ్యే జర్మనీకి వచ్చాము. ఇంట్లో మేమిద్దరమే. ఉదయం ఇద్దరమూ పాలు కలిపిన చిక్కటి కాఫీ తాగుతాము. మధ్యాహ్నం నా భార్య పాలు లేని కాఫీ తాగుతుంది. దుకాణంలో డ్రిప్ యంత్రాలు, క్యాప్సూల్ యంత్రాలు, ఎస్ప్రెసో యంత్రాలు వరుసగా కనిపిస్తుంటే దేనిని ఎంచుకోవాలో తేలడం లేదు. అద్దె ఇల్లు, చిన్న వంటగది, ఇండక్షన్ పొయ్యి. రెండు మూడేళ్లలో మరో దేశానికి బదిలీ కావచ్చు. ఏవి కొంటే డబ్బు దండగ కాకుండా ఉంటుంది?

జవాబు: మీరు పేర్కొన్న వస్తువులలో గ్రైండరు లేదు. ఇంటి కాఫీ గురించి అడిగేవారిలో చాలామందిది ఇదే తీరు: కాఫీ దించే యంత్రం గురించి ఎంతో ఆలోచిస్తారు, గింజలను పొడి చేసే పరికరాన్ని మరచిపోతారు. మీరు వెచ్చించదలచిన మొత్తంలో సగానికి పైగా గ్రైండరుకే కేటాయించమని గట్టిగా చెబుతాను. పొడి బాగుంటే మామూలు పరికరంతోనైనా మంచి కాఫీ వస్తుంది. పొడి బాగాలేకపోతే ఎంత ఖరీదైన యంత్రమూ దానిని సరిదిద్దలేదు.

కారణం ఇది. వేయించిన కాఫీ గింజ బరువులో నీటిలో కరిగే పదార్థం సుమారు 30 శాతం ఉంటుంది, కానీ అదంతా కప్పులోకి రాకూడదు. అమెరికాలో 1950లలో రసాయన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ జరిపిన అధ్యయనాల నుంచి స్థిరపడిన లెక్క ప్రకారం, పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు నీటిలోకి దిగితే రుచి సమంగా ఉంటుంది. అంతకు తక్కువైతే పులుపు, ఎక్కువైతే చేదు, వగరు పైకి వస్తాయి. ఒకే వ్యవధిలో సన్నటి రేణువు నుంచి ఎక్కువ సారం, పెద్ద పలుకు నుంచి తక్కువ సారం దిగుతుంది కనుక, పొడి హెచ్చుతగ్గులుగా ఉన్నప్పుడు ఒకే కప్పులో చేదూ పులుపూ రెండూ చేరతాయి, అప్పుడు నీరు మార్చినా, వేడి మార్చినా ఒకటి తగ్గి మరొకటి పెరుగుతుందే తప్ప రెండూ పోవు.

చౌకగా దొరికే బ్లేడు గ్రైండరు గింజలను ఎలా పడితే అలా చితక్కొడుతుంది. బర్ గ్రైండరులో రెండు పళ్ల చక్రాల మధ్య ఉన్న ఎడంలో గింజ నలిగి కిందికి జారుతుంది. ఆ ఎడాన్ని మన అవసరం కొద్దీ పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. తేడా స్వయంగా చూడాలంటే రెండింటి పొడినీ చిటికెడు చొప్పున తెల్ల కాగితం మీద పలుచగా పరచి వెలుతురులో పెట్టండి. బ్లేడు పొడిలో కాగితానికి అంటుకుపోయే ధూళి, దాని పక్కనే సగం నలిగిన గింజ ముక్కలు కనిపిస్తాయి. బర్ పొడిలో పలుకులు ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి.

మీ పరిస్థితికి ఉక్కు చక్రాలున్న చేతి గ్రైండరు సరిపోతుంది. ఒకరికి కావలసిన 15 నుంచి 20 గ్రాముల గింజలను అది ఒకటి రెండు నిమిషాలలో పొడి చేస్తుంది, సూట్‌కేసులో పడుతుంది, ఏ దేశపు కరెంటుతోనూ దానికి పని లేదు. కొనేముందు పిడి తిప్పి చూడండి: మధ్య ఇరుసు అటూఇటూ ఊగుతుంటే, పైకి ఎంత అందంగా ఉన్నా ఆ గ్రైండరు పొడిని సమంగా ఇవ్వదు.

ఇక ఉదయపు పాల కాఫీకి మోకా పాట్ తీసుకోండి. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి కార్ఖానా నుంచి వచ్చిన ఈ పాత్రలో కింది అరలోని నీటిని ఆవిరి ఒత్తిడి పొడి గుండా పైకి నెడుతుంది. ఎస్ప్రెసోకు కావలసిన 9 బార్ల ఒత్తిడి ఇందులో రాదు, ఒకటి రెండు బార్లే వస్తుంది. అయినా దిగే డికాక్షన్ పాలను తట్టుకునేంత చిక్కగా ఉంటుంది. పెట్టె మీద రాసే ‘మూడు కప్పులు’ అనే కొలత చిన్న ఇటాలియన్ కప్పులది, అంటే మొత్తం దాదాపు 150 మిల్లీలీటర్లు లేదా అంతకు కాస్త తక్కువ. పాలు కలుపుకుంటే మీ ఇద్దరికీ అది చాలు. పెద్దది కొని సగం పొడితో వాడదామనుకోవద్దు, జల్లెడ నిండా పొడి ఉంటేనే ఈ పాత్ర సరిగా పనిచేస్తుంది.

మీది ఇండక్షన్ పొయ్యి కనుక ఒక జాగ్రత్త అవసరం. మామూలు అల్యూమినియం మోకా పాట్ దాని మీద వేడెక్కదు. అడుగుకు అయస్కాంతం అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రే కొనండి. అడుగు మరీ చిన్నదైతే కొన్ని పొయ్యిలు పాత్రను గుర్తించవు కాబట్టి, మీ పొయ్యికి ఎంత వెడల్పు అడుగు కావాలో ముందే చూసుకోండి. కాచేటప్పుడు కింది అరలో వేడినీళ్లే పోసి, పొయ్యి వేడి తక్కువ పెట్టి, మూత తెరిచి ఉంచండి. మొదట గొట్టం అంచు నుంచి ముదురు గోధుమరంగు డికాక్షన్ నెమ్మదిగా ఒలుకుతుంది, తరువాత రంగు తేనెలా పలచబడుతుంది, ఆపై గుటగుటమనే చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు మొదలవుతుండగానే పాత్రను దించాలి. అక్కడి నుంచి వచ్చేది చాలావరకు ఆవిరి, చేదు మాత్రమే.

మధ్యాహ్నపు కాఫీకి ఒక శంఖాకారపు డ్రిప్పర్, ఫిల్టర్ కాగితాలు చాలు. ఈ కాగితపు వడపోతను 1908లో మీరున్న జర్మనీలోనే, డ్రెస్డెన్ నగరంలో మెలిటా బెంట్జ్ అనే గృహిణి రూపొందించారు. గాజు, పింగాణీ డ్రిప్పర్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ, నీటి వేడిని తక్కువగా పీల్చుకునే ప్లాస్టిక్ డ్రిప్పరే ఇంటికి మేలని నా అభిప్రాయం. పైగా అది పగలదు. 15 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీరు, 90 నుంచి 96 డిగ్రీల వేడి. ముందు పొడి తడిసేంత నీరు మాత్రం పోసి అర నిమిషం ఆగితే, పొడి బుడగలతో పొంగి లోపలి వాయువు బయటికి పోతుంది. మిగతా నీటిని విడతలుగా పోసి మూడు నిమిషాలు, కాస్త అటూఇటూగా ముగించాలి. ఇందుకు ఒక చిన్న ఎలక్ట్రానిక్ తూకం తప్పక కావాలి. చెంచా కొలత నమ్మదగినది కాదు, ఎందుకంటే ముదురుగా వేయించిన గింజలు ఉబ్బి తేలికవుతాయి, అదే చెంచాలో తక్కువ బరువు పడుతుంది.

క్యాప్సూల్ యంత్రం వద్దు. గింజలను ఎంచుకునే స్వేచ్ఛ పోతుంది, ఒక్కో క్యాప్సూల్‌లో ఉండే కొద్ది గ్రాముల పొడికి కిలో లెక్కన చాలా ఎక్కువ ధర పడుతుంది.

బదిలీ సంగతి కూడా ఇప్పుడే ఆలోచించడం మంచిది. జర్మనీలో కరెంటు 230 వోల్టులు, అమెరికా, కెనడాలలో 120, జపాన్‌లో 100. నీళ్లు కాచే కెటిల్‌లో ఉండేలాంటి 230 వోల్టుల హీటరును 120 వోల్టులకు తగిలిస్తే దాని శక్తిలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే వస్తుంది. 120 వోల్టుల దానిని 230కి తగిలిస్తే కాలిపోతుంది. ప్రయాణాలలో వాడే అడాప్టరు ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. హీటరును నడపగల ట్రాన్స్‌ఫార్మరు కిలోల కొద్దీ బరువుంటుంది. అందుచేత కెటిల్‌ను ఏ దేశంలో ఉంటే ఆ దేశంలో కొని, వెళ్లేటప్పుడు అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. గ్రైండరు, మోకా పాట్, డ్రిప్పర్, బ్యాటరీ తూకం మీతో వస్తాయి.

ప్రశ్న: గ్లాస్గోలో ఉన్నప్పుడు మా డ్రిప్ కాఫీ ఎంతో బాగుండేది. లండన్‌కు మారాక అవే గింజలు, అదే పరికరం, అదే కొలత, అయినా చప్పగా ఉంటోంది. యంత్రం మార్చాలా?

జవాబు: మార్చవద్దు, నీటిని మార్చండి. గ్లాస్గో నీరు మెత్తనిది. లండన్ నీరు సున్నం ఎక్కువగా ఉన్న కఠిన జలం. అందులోని బైకార్బొనేట్లు కాఫీలోని ఆమ్లాలను చాలావరకు చల్లార్చేస్తాయి, దానితో చురుకుదనం పోయి రుచి మట్టమైపోతుంది. కుళాయి నీటిని జగ్గు ఫిల్టరులో వడగట్టి వాడితే చాలావరకు సరిపోతుంది, కాకపోతే దాని కాట్రిడ్జిని గడువు ప్రకారం మార్చాలి. అలాగని స్వేదన జలం వాడకండి. కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజాలు కొంత ఉంటేనే రుచి నిండుగా దిగుతుంది. లీటరుకు 50 నుంచి 175 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీరు కాఫీకి అనుకూలమని సాధారణంగా చెబుతారు. మీ ప్రాంతపు అంకె నీటి సరఫరా సంస్థ వెబ్‌సైటులో దొరుకుతుంది. కెటిల్ అడుగున తెల్లని పొర కట్టినప్పుడు సిట్రిక్ యాసిడ్ కలిపిన నీటితో కడగండి, వెనిగర్ అయితే వాసన త్వరగా వదలదు.

ప్రశ్న: అమెరికాలో చదువుకుంటున్నాను. హాస్టల్ గదిలో పొయ్యికి అనుమతి లేదు, కెటిల్ ఒక్కటే పెట్టుకోనిస్తారు. తక్కువ ఖర్చులో ఏది మంచిది?

జవాబు: ఏరోప్రెస్ కొనుక్కోండి. 2005లో అలన్ ఆడ్లర్ తెచ్చిన ఈ ప్లాస్టిక్ గొట్టంలో పొడి, వేడినీరు కలిపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, చేతితో నొక్కితే కాఫీ దిగుతుంది. పిప్పి గుండ్రటి బిళ్లలా బయటపడుతుంది కాబట్టి సామూహిక సింకు దగ్గర కడగడం కూడా సులువు. పొడిని వేడినీటిలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ కూడా మంచిదే, కానీ దాని లోహపు జల్లెడ కాఫీలోని నూనెలను ఆపదు. ఆ నూనెలలోని కెఫెస్టాల్ అనే పదార్థం రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది కనుక రోజుకు నాలుగైదు కప్పులు తాగేవారికి ఏరోప్రెస్‌లోని కాగితపు ఫిల్టరే క్షేమం. గ్రైండరుకు ఇప్పుడే డబ్బు చాలకపోతే, గింజలు అమ్మే దుకాణంలోనే వారానికి సరిపడా పొడి పట్టించుకోండి.

ప్రశ్న: మేము ఎస్ప్రెసో యంత్రం కొనాలనే నిశ్చయించుకున్నాము. ఏమేమి చూడాలి?

జవాబు: పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే 15 బార్లు, 20 బార్లు అనే అంకెలను పట్టించుకోకండి. అది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. పొడి దగ్గర కావలసింది 9 బార్లే. పొడి వేసే జల్లెడ రెండు పొరలదా, ఒక పొరదా అని అడగండి: రెండు పొరల జల్లెడ ఒకే చిన్న రంధ్రం గుండా కాఫీని చిమ్మించి నురగను చూపిస్తుంది గానీ రుచిని పెంచదు, ఒక పొర జల్లెడకు మాత్రం చాలా సన్నగా, సమంగా విసిరిన పొడి కావాలి. కాబట్టి ఆ స్థాయి గ్రైండరు ధరను కూడా కలిపి బడ్జెట్ వేసుకోండి. యంత్రంలో నీరు కారకుండా ఆపే రబ్బరు గాస్కెట్లు కాలక్రమంలో గట్టిపడి నీరు కారుతుంది. మీరున్న దేశంలో ఆ విడిభాగాలు, మరమ్మతు చేసేవారు దొరుకుతారని తేలాకే డబ్బు కట్టండి.