బాక్స్‌ఎన్ వ్యాగన్‌కు విడిభాగాలు కొనే ముందు బోగీ కొలవండి

హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలుదానిలో 87వ వంతు నమూనాగా, బాక్స్‌ఎన్ బొగ్గు వ్యాగన్ చేస్తున్నాను, అచ్చు అసలుదానిలా ఉండే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. ఎక్కడ అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక కొలత రాసిపెట్టుకోండి: 23 మిల్లీమీటర్లు.

నా మొదటి బాక్స్‌ఎన్‌కు విదేశం నుంచి అమెరికన్ వంద టన్నుల వ్యాగన్ల బోగీలు, అంటే బండి కింద చక్రాలుండే చట్రాలు, తెప్పించాను. సరుకు ధర కంటే సుంకం, రవాణా ఖర్చులే ఎక్కువయ్యాయి. అయినా సంతోషంగా బిగించి, రంగు వేసి, రైల్వేలో బండ్లను తనిఖీ చేసే టీఎక్స్‌ఆర్‌గా పనిచేసి రిటైరైన మా మేనమామకు చూపించాను. ఆయన దాన్ని కంటి ఎత్తుకు లేపి, పక్కనుంచి చాలాసేపు చూశారు. “పైనంతా మన బండే. కాళ్లు మాత్రం వేరెవరివో తగిలించావురా” అన్నారు.

స్కేలు పెట్టి కొలిచాం. చక్రం మధ్య నుంచి చక్రం మధ్యకు 20 మిల్లీమీటర్లు దాటి కొంచెం ఉంది. మన వ్యాగన్ల కింద ఉండే కాస్‌నబ్ రకం బోగీకి ఆ దూరం అసలు బండి మీద 2000 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 23 రావాలి. రెండున్నర మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది, కానీ వ్యాగన్ మొత్తం పొడవే కప్లర్లతో (బండిని బండికి తగిలించే కొక్కేలతో) కలిపి 123 మిల్లీమీటర్లు. అంత చిన్న బండి కింద ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఆ ఆదివారం మామయ్య నన్ను రామగుండం దగ్గర ఒక లెవెల్ క్రాసింగ్‌కు తీసుకెళ్లారు. సిగ్నల్ లేక బొగ్గు గూడ్సు బండి ఒకటి గేటు ఎదుటే ఆగింది. గేటు బయట నిలబడే ఆయన ఒక్కొక్కటీ చూపించారు. బేరింగు మూత మీద మూడు బోల్టులు, బోగీ నడుమ గుత్తిగా స్ప్రింగులు, పక్క గోడ కింద హ్యాండ్‌బ్రేకు చక్రం, దానికి కొంచెం అవతల, బండి ఖాళీదా నిండుదా అన్నదాన్నిబట్టి బ్రేకు బలం మార్చే ఖాళీ–లోడు మీట. అమెరికన్ వ్యాగన్లలో ఆ బ్రేకు చక్రం బండి చివర ఉంటుంది. అది చూడకుండా విడిభాగాల పొట్లం కొంటే సగం దండగే.

కాబట్టి ముందు ఒక ఫొటో తీయండి, బండికి ఎదురుగా, ఏటవాలు లేకుండా. అందులో రెండు చక్రాల మధ్య దూరం 2000 అనుకుంటే మిగతా కొలతలన్నీ దాన్నుంచే రాబట్టవచ్చు.

కప్లర్లకు మాత్రం అమెరికా వైపు ధైర్యంగా చూడండి, మన వ్యాగన్ల సీబీసీ (సెంటర్ బఫర్ కప్లర్) వాళ్ల నమూనాదే. కేడీ కంపెనీ కప్లర్లలో 5వ నంబరుది లావుగా ఉంటుంది, 58 తీసుకోండి. చక్రం 11.5 మిల్లీమీటర్లు రావాలి; యూరప్ నమూనాలకు అమ్మే 11 మిల్లీమీటర్లవి దగ్గరగా ఉంటాయి. పట్టుకమ్మీలకు 0.25 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ చాలు. పట్టాల వెడల్పు గురించి నేను పోట్లాడను. మన 1676 మిల్లీమీటర్ల గేజికి 19 పైచిలుకు కావాలి, దొరికేది 16.5.

బోగీ చట్రాలు మాత్రం గీయించి రెజిన్‌తో త్రీడీలో ముద్రించుకోవలసిందే. ముద్రించే దుకాణంలో బోగీ కావాలంటే ప్రయాణికుల పెట్టె బొమ్మ చూపించారు. జనం పెట్టెనే బోగీ అంటారు, వాళ్ల తప్పేమీ లేదు. మీరు బొమ్మ గీసుకుని వెళ్లండి. నాకు కోపమంతా అమెరికన్ హాపర్ వ్యాగన్‌కు గోధుమరంగు పూసి ‘భారతీయ వ్యాగన్’ అని అమ్మేవాళ్ల మీదే. కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు దాచుకున్న డబ్బంతా అక్కడే పోస్తున్నారు.

కొత్త బోగీలు వేసిన బండిని మళ్లీ మామయ్య చేతిలో పెట్టాను. స్ప్రింగులు లెక్కపెట్టారు, తల ఊపారు. తర్వాత మీట మీద వేలు పెట్టి, “ఇది ఖాళీ వైపు ఉంది. మరి నిండా బొగ్గు పోశావే?” అని అడిగారు. ఆ రాత్రే మీట ఊడదీసి లోడు వైపుకు అతికించాను.